చూపులేని పిల్లలకు లెక్కల టీచర్ కావాలంటే

ప్రశ్న: బీఎస్సీ మ్యాథ్స్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. గణిత బ్రెయిలీ రూపొందించిన అంధ లెక్కల టీచర్ అబ్రహాం నెమెత్ స్మృతికి గౌరవంగా కాలేజీలో పెట్టిన సభలో నన్ను మాట్లాడమన్నారు. ఆయన గురించి చదివాక, చూపులేని పిల్లలకు లెక్కలు చెప్పే పనిలోకే వెళ్లాలని ఉంది. నాకు చూపు ఉంది, బ్రెయిలీ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నెమెత్ (1918–2013) పుట్టుకతోనే అంధులు. లెక్కలంటే ప్రాణం. అంధులకు ఆ చదువు పనికిరాదని కెరీర్ సలహాదారులు చెప్పడంతో సైకాలజీలో ఎంఏ చేశారు. ఆ సలహా ఇచ్చింది నాలాంటి కెరీర్ సలహాదారులే, అది తప్పు సలహా. ఆ తర్వాత ఆయన మళ్లీ లెక్కల్లోకే వచ్చి, 1955 నుంచి దాదాపు 30 ఏళ్లు అమెరికాలోని డెట్రాయిట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు.

లెక్కల గుర్తులను బ్రెయిలీలో రాయడానికి ఆయన రూపొందించిన గణిత బ్రెయిలీ కోడ్ 1952లో వచ్చింది. మామూలు బ్రెయిలీలో 1కీ, ఇంగ్లిష్ ‘ఎ’ అక్షరానికీ ఒకటే చుక్క, ముందున్న గుర్తును బట్టే తేడా. నెమెత్ అంకెల ఆకారాలను అలాగే ఉంచి సెల్‌లో (ఒక్కో గుర్తుకు ఉండే ఆరు చుక్కల గడిలో) ఒక మెట్టు కిందికి దించారు. అంకె పక్కనే అక్షరం వచ్చినా వేలికి ఇట్టే తెలిసిపోతుంది.

మీరు ముందు నేర్చుకోవాల్సింది మామూలు బ్రెయిలీ. రోజూ అరగంట చాలు, కానీ మానకూడదు. టీచర్‌గా కంటితో చదివినా ఇబ్బంది లేదు. స్లేటు (కాగితాన్ని పట్టే గడుల చట్రం), స్టైలస్‌ (చుక్కలు గుచ్చే మొన)తో రాయడం మాత్రం తప్పకుండా నేర్చుకోండి. కాగితం వెనక నుంచి గుచ్చుతాం కాబట్టి కుడి నుంచి ఎడమకు, ప్రతి సెల్‌నూ అద్దంలో చూసినట్టు రాయాలి. కొత్తవాళ్లు ‘డి’ బదులు ‘ఎఫ్’, ‘ఇ’ బదులు ‘ఐ’ రాసేది ఇక్కడే. ఆ తర్వాత గణిత కోడ్. కొన్నిచోట్ల నెమెత్, కొన్నిచోట్ల యూఈబీ (యూనిఫైడ్ ఇంగ్లిష్ బ్రెయిలీ) వాడతారు. మీరు చెప్పబోయే పిల్లలు ఏది చదువుతున్నారో ముందే కనుక్కోండి.

అన్నిటికంటే కష్టం నోటితో లెక్క చెప్పడం. ‘ఎక్స్ ప్లస్ 1 బై 2’ అన్నారనుకోండి, 2 పైన ఉన్నది 1 ఒక్కటేనా, మొత్తమా? బోర్డు చూసేవాడికి సందేహం రాదు, వినేవాడు తప్పు రాసుకుంటాడు. ‘భిన్నం మొదలు, ఎక్స్ ప్లస్ 1, బై 2, భిన్నం పూర్తి’ అనాలి. తనకు చదివి వినిపించేవాళ్లకు నెమెత్ ఇలాంటి పద్ధతే నేర్పారు. ఒక స్నేహితుణ్ని బోర్డుకు వీపు పెట్టి కూర్చోబెట్టి పది సమీకరణాలు చెప్పి రాయించండి. తప్పు పోయిన ప్రతిచోటా మీ మాటే సరిచేసుకోవాలి. ‘ఇది అటు పంపితే’ అనే అలవాటు అప్పుడే వదులుతుంది.

పటాలను ఉన్నవున్నట్టు ఉబ్బెత్తుగా చేస్తే వేలికి గజిబిజి. అక్కర్లేని గీతలు తీసేయండి. గ్రాఫ్ గీత గడుల గీతలకంటే బాగా లేచి ఉండాలి, పేర్లు గీతకు తగలకుండా కనీసం 3 మిల్లీమీటర్లు ఎడం ఉంచాలి.

డిగ్రీ అయ్యాక దృష్టిలోపం ప్రత్యేకాంశంగా ఉన్న ప్రత్యేక విద్యా కోర్సులో చేరండి. చేరేముందు గణిత బ్రెయిలీ నేర్పుతారా, బడిలో పాఠాలు చెప్పిస్తారా అని అడగండి. సభకు వచ్చినవాళ్ల చేతికి నెమెత్ కోడ్‌లో 1/2 ఇవ్వండి. సెల్‌లో ఎడమ వరుస చుక్కలు పైనుంచి 1, 2, 3; కుడి వరుసవి 4, 5, 6. ఐదు సెల్స్: 1-4-5-6, 2, 3-4, 2-3, 3-4-5-6 చుక్కలు. మొదటిది భిన్నం మొదలు, చివరిది భిన్నం పూర్తి. కళ్లు మూసుకుని తడమమనండి.