ఘనపదార్థంలో కణాలు నిజంగా కదులుతాయా?

మా పాప ఏడో తరగతి పరీక్షలో "ఘనపదార్థంలో కణాలు కదలవు" అని రాస్తే మార్కు తీసేశారు, గట్టిగా ఉండే ఇనుములో కణాలు కదలడమేంటి అని మీరు అడిగారు కదా. మార్కు తీసేయడం సబబేనండీ. కణాలు కదులుతాయి. ఉన్న చోటు వదలకుండా అక్కడక్కడే ఊగుతుంటాయి. ఇనుములో ఒక్కో పరమాణువు సెకనుకు లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది. చల్లబరిస్తే ఆ ఊపు తగ్గుతుంది గానీ పూర్తిగా ఆగిపోదు.

హైదరాబాద్‌లో హైస్కూలు పిల్లలకు చాలా ఏళ్లుగా సైన్స్ చెబుతున్నాను. ఈ పాఠంలో నిర్వచనాలు పిల్లలకు ఇట్టే వచ్చేస్తాయి. తికమకంతా బొమ్మ దగ్గరే. మూడు డబ్బాలు గీసి, మొదటి దాంట్లో చుక్కలు దగ్గరగా, రెండో దాంట్లో కొంచెం ఎడంగా, మూడో దాంట్లో బాగా దూరంగా పెడతారు. ఆ మధ్య డబ్బాతోనే నాకు పేచీ. అది చూసిన పిల్లలు ద్రవమంటే ఘనానికీ వాయువుకీ సరిగ్గా నడిమధ్యన ఉంటుందనుకుంటారు. నిజానికి ద్రవంలోనూ కణాలు దాదాపు ఘనంలో ఉన్నంత దగ్గరగానే, ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ఘనంలో ప్రతి కణానికీ ఇరుగుపొరుగు ఖాయం. ద్రవంలో ఆ ఇరుగుపొరుగు క్షణక్షణం మారిపోతుంటుంది, అంతే తేడా. అందుకే నీళ్లు పోస్తే పారతాయి, ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నె ఆకారంలో సర్దుకుంటాయి, కానీ వాటి ఘనపరిమాణం మారదు.

ఇది మాటల్లో చెప్పేకన్నా చేయించి చూపిస్తే బాగా ఎక్కుతుంది. మెడికల్ షాపులో సూది లేకుండా 20 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి తెచ్చి పాప చేతికే ఇవ్వండి. ముందు పిస్టన్ వెనక్కి లాగి గాలి నింపమనండి. సిరంజి ముక్కుని వేలితో గట్టిగా మూసి నొక్కితే పిస్టన్ మెత్తగా లోపలికి దిగుతుంది, వదిలితే వెనక్కి తన్నుకొస్తుంది. తర్వాత బుడగ ఒక్కటి కూడా లేకుండా నీళ్లు నింపి అలాగే నొక్కమనండి. వేలి కొస మీద సిరంజి ముక్కు గుండ్రంగా అచ్చు పడుతుంది గానీ పిస్టన్ మాత్రం జరగదు. మా క్లాసులో ఇక్కడికొచ్చేసరికి పిల్లలు తప్పకుండా రెండోసారి అడిగి తీసుకుని నొక్కి చూస్తారు. నొక్కడానికి నీళ్ల కణాల మధ్య చోటు లేదని చేతికే తెలుస్తుంది.

గాలి నొక్కుకుపోయిందంటే దాని కణాల మధ్య చోటు ఉన్నట్టేగా, మరి ఆ చోట్లో ఏముంది అని అడిగి చూడండి. "గాలి" అంటారు. పదో తరగతి వాళ్లలోనూ కొందరు అదే అంటారు. గాలంటేనే ఆ కణాలు, వాటి మధ్య ఉన్నది ఉత్త ఖాళీ. ఈ ఒక్క సంగతి మనసులో నాటుకుంటే మిగతా పాఠమంతా దానంతటదే వస్తుందని నా నమ్మకం. మనం పీల్చే గాలిలో అణువుల మధ్య సగటు దూరం అణువు సైజుకి సుమారు పది రెట్లుంటుంది. ఆ ఖాళీలో నత్రజని అణువులు సెకనుకు దాదాపు 500 మీటర్ల వేగంతో పరుగెడుతుంటాయి.

అంత వేగమైతే చార్మినార్ దగ్గర అత్తరు సీసా మూత తీసిన మరుక్షణం వాసన వీధి చివరికి వెళ్లాలిగా అని ఒక అమ్మాయి అడిగింది. చాలా మంచి ప్రశ్న. వెళ్లదు, ఎందుకంటే అణువు మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా సాగకముందే ఇంకో అణువును గుద్దుకుని దారి మళ్లుతుంది. సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు ఇలా జరుగుతుంది. అందుకే వ్యాపనం, అంటే కణాలు వాటంతటవే గాలిలో కలిసి పాకడం, అంత నెమ్మది. షాపు ముందు నడిచే మనకి వాసన త్వరగా తగిలిందంటే అందులో ఫ్యాను గాలికీ వీధిలో వీచే గాలికీ పెద్ద వాటా ఉంది.

ఇక ఇనుము సంగతి. వేడి చేస్తే కణాలు ఉబ్బవు, కరగవు. వాటి ఊపు పెరిగి, మధ్య దూరం రవ్వంత పెరుగుతుంది. కాంక్రీటులోనూ ఇదే జరుగుతుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అనే ఫ్లైఓవర్ మీద వెళ్తుంటే చక్రాల కింద ఉండుండి టకటకమని చప్పుడొచ్చే సందులు దీని కోసమే. 30 మీటర్ల కాంక్రీటు స్లాబు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. సందు లేకపోతే స్లాబులు ఒకదాన్నొకటి తోసుకుని పగుళ్లిస్తాయి. కణాలు కదలకుండా ఊరుకుంటే ఈ సందులతో పనే ఉండేది కాదు.

ద్రవంలో కణాలన్నీ ఒకే వేగంతో ఉండవు. పైపొరలో బాగా వేగం ఉన్నవి పక్క కణాల ఆకర్షణని తెంచుకుని గాలిలోకి లేచిపోతాయి, నెమ్మదైనవి మిగులుతాయి. అందుకే మిగిలిన నీళ్లు చల్లబడతాయి. ఎండాకాలంలో మట్టి రంజన్‌లో నీళ్లు చల్లగా ఉండేది ఇలాగే, తడిసిన కూలర్ గడ్డిలోంచి చల్లగాలి వచ్చేదీ ఇలాగే. మే నెలలో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ హాయిగా పనిచేస్తుంది. విశాఖలో గాలిలో అప్పటికే తేమ ఎక్కువ, లేచిన కణాలకు బదులు చాలా కణాలు తిరిగి వచ్చి చేరుతుంటాయి, అదే కూలర్ అక్కడ అంతగా చల్లబరచలేదు.

కంటికి కనపడని కదలికని ఎలా నమ్మాలి అని కూడా మీరు అడిగారు. 1827లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ పుప్పొడిలోంచి వచ్చిన సన్నని రేణువులు నీళ్లలో ఆగకుండా అటూ ఇటూ అదురుతుండటం మైక్రోస్కోపులో చూశాడు. నీటి అణువులు అన్ని వైపుల నుంచీ తగలడం వల్లే అలా జరుగుతుందని 1905లో ఐన్‌స్టీన్ లెక్కగట్టి చూపించాడు. ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త జాన్ పెరిన్ ప్రయోగాలతో ఆ లెక్క సరైనదని రుజువైంది, ఆయనకి 1926లో నోబెల్ వచ్చింది.

పాప మళ్లీ రాసేటప్పుడు "ఘనపదార్థంలో కణాలు తమ స్థానాల్లోనే కంపిస్తుంటాయి" అని రాస్తే చాలు. ఇంకొకటి, ద్రవం గడ్డకడితే కణాలు మరింత దగ్గరవుతాయని పుస్తకంలో ఉంటుంది. చాలా పదార్థాలకి అది నిజమే, నీళ్లకి కాదు. మంచులో నీటి అణువులు మధ్యలో ఖాళీలు వదిలే అమరికలో కూర్చుంటాయి కాబట్టి నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతాయి. గాజు సీసా నిండా నీళ్లు పోసి బిగించి ఫ్రీజర్లో పెడితే పగులుతుంది, పాప ప్రయోగం చేస్తానంటే మాత్రం ప్లాస్టిక్ బాటిలే ఇవ్వండి.