విండోస్ 11, డైరెక్ట్‌ఎక్స్ 12 వల్ల గేమ్స్ బాగా ఆడతాయా?

ప్రశ్న అడిగినవారి దగ్గర జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంది, అందులో విండోస్ 10. పదకొండుకి మారితే డైరెక్ట్‌ఎక్స్ 12 (పొట్టిగా డీఎక్స్ 12, గేమ్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య పనిచేసే విండోస్ సాఫ్ట్‌వేర్) వల్ల ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెరమీదకొచ్చే బొమ్మల సంఖ్య) పెరుగుతుందా అని అడిగారు.

పెరగదండీ. డీఎక్స్ 12 మీ విండోస్ 10లో 2015 నుంచీ ఉంది. దాని పై మెట్టు డీఎక్స్ 12 అల్టిమేట్ అంటారా, అదీ 2020లోనే విండోస్ 10కి వచ్చేసింది, కాకపోతే దానికి కావలసిన రే ట్రేసింగ్ (వెలుగు దారిని లెక్కగట్టి బొమ్మ గీయడం) హార్డ్‌వేర్ మీ కార్డులో లేదు కాబట్టి ఏ విండోస్ వేసినా రాదు. అసలు సమాధానం ఇంతే. కానీ ఈ ప్రశ్న ఎక్కడ కనబడినా నాకు విండోస్ విస్టా రోజులు గుర్తొస్తాయి, ఇక చేయి ఊరుకోదు.

2007 జనవరి నెలాఖరున విస్టా మార్కెట్లోకి వచ్చింది. డీఎక్స్ 10 విస్టాలో మాత్రమే, అంతకు ముందున్న విండోస్ ఎక్స్‌పీకి ఇవ్వం అని మైక్రోసాఫ్ట్ వాళ్లు అన్నారు. గ్రాఫిక్స్ డ్రైవర్ల (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) పద్ధతంతా మార్చేశాం, పాత దాంట్లో కుదరదు అని కారణం చెప్పారు. అప్పుడు మేం అమీర్‌పేటలో ముగ్గురం ఒక గదిలో ఉండేవాళ్లం. మా రూమ్మేట్ ఒకడు, విజయనగరం వైపు కుర్రాడు, ఇంటి నుంచి వచ్చిన డబ్బులన్నీ పట్టుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయి ఒక మధ్యరకం డీఎక్స్ 10 కార్డు కొన్నాడు. షాపతను "విస్టా లేకుంటే ఈ కార్డు వేస్ట్ తమ్మీ" అన్నాడట. ఉన్నది 1 జీబీ ర్యామ్. దాని మీద విస్టా వేస్తే హార్డ్ డిస్క్ లైటు ఆరిన పాపాన పోలేదు. ఆ డబ్బుతో ముందు ర్యామ్ కొనరా అని నేను మొత్తుకున్నా వినలేదు.

ఆ నవంబర్లో క్రైసిస్ అనే గేమ్ వచ్చింది. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో 'వెరీ హై' అనేది విస్టాలోనే పనిచేస్తుంది, ఎక్స్‌పీలో ఆ ఆప్షన్ మసకబారి ఉండేది, నొక్కనిచ్చేది కాదు. వీడు రోజూ దాన్ని చూపించి మమ్మల్ని ఎగతాళి చేయడం. తర్వాత నెట్‌లో జనం కనిపెట్టిందేమిటంటే, గేమ్ సెట్టింగ్ ఫైళ్లను నోట్‌ప్యాడ్‌లో తెరిచి కొన్ని విలువలు మారిస్తే దాదాపు ఆ బొమ్మే ఎక్స్‌పీలో డీఎక్స్ 9 మీద వచ్చేస్తుంది. మా దగ్గర రెండూ చెరో పార్టిషన్‌లో ఉన్నాయి కదా, వాడికి ఒక పరీక్ష పెట్టాం. వాణ్ణి గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ముందు విస్టాలో గేమ్ తెరిచి, మొదటి లెవెల్లో కొండ అంచున సూర్యుడు పైకొచ్చే చోట ఆపి, ఇప్పుడు చూడరా అన్నాం. మళ్లీ గోడవైపు తిప్పి, రీస్టార్ట్ చేసి, ఎక్స్‌పీలో అదే చోటు. వాడు మొహం మానిటర్‌కి ఆనించి చాలాసేపు చూశాడు. ఆకుల సందుల్లోంచి దిగే ఎండ, నీళ్ల మీద మెరుపు అన్నీ చూసి, "రెండోదే విస్టారా, ఆ వెలుగు చూడండి, ఎక్స్‌పీకి అంత సీను లేదు" అని తీర్పిచ్చాడు. రెండోది ఎక్స్‌పీ! డెస్క్‌టాప్‌కి వచ్చి చూపిస్తే "ఏటిరా, మార్చేశారు" అని గొడవ. మళ్లీ పెడదామనేలోపు కరెంటు పోయింది.

పైగా ఆ సెట్టింగుల్లో ఆ కార్డు మీద గేమ్ పెళ్లి ఆల్బమ్ తిప్పినట్టు నడిచేది. ఎక్స్‌పీలో కాస్త నయం. చివరికి వాడు కూడా గేములన్నీ ఎక్స్‌పీలోనే ఆడి, విస్టా పార్టిషన్‌ని సినిమాలు దాచుకోడానికి వాడాడు.

నాకు ఒళ్లు మండేది ఇంకోటి. హాలో 2ని 2007లో పీసీకి తెచ్చి 'విస్టాకే' అని అమ్మారు. లోపల చూస్తే అది డీఎక్స్ 9 గేమ్. ఎక్స్‌పీలో ఆడనివ్వకపోవడానికి సాంకేతిక కారణం ఏముంది చెప్పండి? డీఎక్స్ 12 కూడా విండోస్ 10కే అన్నారు, 2019లో చూస్తే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్ కోసం విండోస్ 7కి ఇచ్చేశారు. ఇవన్నీ కొత్త విండోస్ అమ్ముకునే ఎత్తులని నా గట్టి నమ్మకం. విస్టాలో సౌండ్ కార్డుకి నేరుగా పని అప్పజెప్పే దారి కూడా మూసేశారు, డబ్బులు పోసి మంచి సౌండ్ కార్డు కొన్నవాళ్ల ఉసురు ఊరికే పోతుందా.

డీఎక్స్ 12లో సరుకు లేదని కాదు. డీఎక్స్ 11లో గ్రాఫిక్స్ డ్రైవర్ చూసుకునే చాకిరీ చాలా వరకు ఇందులో గేమ్ తయారుచేసేవాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్లు ఒళ్లు వంచి పనిచేస్తే ప్రాసెసర్ కోర్లన్నీ పనిలోకి దిగుతాయి, తెరమీద వందల వస్తువులున్నా నెమ్మదించదు. వంచకపోతే కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా ఠక్కున ఆగుతుంది. 2022లో ఎల్డెన్ రింగ్ పీసీలో ఎలా కుదుపులిచ్చిందో ఆడినవాళ్లకి చెప్పక్కర్లేదు. అంటే బాగుపడేది గేమ్ రాసినవాడి వల్ల, విండోస్ పక్కనున్న అంకె వల్ల కాదు. యూట్యూబ్‌లో రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి, మూలన 3 ఎఫ్‌పీఎస్ తేడాకి నోరెళ్లబెట్టిన థంబ్‌నెయిల్ వేసేవాళ్లని నమ్మకండి.

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది కాబట్టి భద్రత కోసం మారాలంటే మారండి, అది వేరే సంగతి. మారాక గేమ్ నెమ్మదించినట్టు అనిపిస్తే 'మెమరీ ఇంటెగ్రిటీ' అనే భద్రతా సెట్టింగు ఆన్‌లో ఉందేమో చూడండి, గేమ్ ఆడేటప్పుడు దాన్ని ఆపుకోవచ్చని మైక్రోసాఫ్టే 2022లో చెప్పింది. ఆట అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు. అంతకంటే ముందు మీ 8 జీబీ ఒకే స్టిక్కా అన్నది టాస్క్ మేనేజర్‌లో చూసి, రెండో స్లాట్ ఖాళీగా ఉంటే అదే రకం ఇంకో 8 జీబీ వేయించండి. షాపులో ఎస్ఎస్‌డీ, కూలింగ్ ప్యాడ్, కొత్త విండోస్ కలిపి ప్యాకేజీ అంటారు, ర్యామ్ ఒక్కటే చాలని చెప్పి బిల్లు తీసుకోండి.