రేటింగు 9 బడికి నెలకు 400 డాలర్లు ఎక్కువ పెట్టాలా?

"డాలస్ వచ్చి మూడు వారాలైంది. పాపను ఒకటో తరగతిలో చేర్చాలి. ఇక్కడ ఇంటి అడ్రసును బట్టి బడి వస్తుందట. ఒక అపార్ట్‌మెంటుకు వచ్చే బడి రేటింగు 9, ఇంకోదానికి 6. మొదటిదానికి రెంటు నెలకు 400 డాలర్లు ఎక్కువ. రెండో బడిలో అన్ని దేశాల పిల్లలూ ఉన్నారట, పాప చదువు పాడవుతుందేమో" అని ఒక తల్లి అడిగారు.

అమ్మా, ముందు ఆ 400 సంగతి చూద్దాం. ఏడాదికి 4,800, రెండేళ్ళుంటే 9,600. ఒక్క జీతం మీద కారు లోను, ఇన్సూరెన్సు కట్టి, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. ఇంత పోసి ఏం కొంటున్నామో చూసుకోకుండా లీజు మీద సంతకం పెట్టేయడం కొత్తగా వచ్చినవాళ్ళు చేసే మొదటి పొరపాటు.

ఇళ్ళ సైట్లలో కనిపించే 1 నుంచి 10 అంకె గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థది, ప్రభుత్వానిది కాదు. టెక్సస్ ప్రభుత్వం విడిగా ఎ నుంచి ఎఫ్ దాకా గ్రేడు ఇస్తుంది. ఎలిమెంటరీ బడికి ఈ రెండూ ప్రధానంగా ఆధారపడేది రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష మీదే. ఆ పరీక్ష మూడో తరగతి నుంచే మొదలు: 3, 4, 5 తరగతుల్లో రీడింగు, లెక్కలు, ఐదులో సైన్సు కూడా. కాబట్టి మీ పాపకు వచ్చే ఏడాది పాఠం చెప్పబోయే ఒకటో తరగతి టీచరు గురించి ఆ 9 ఏమీ చెప్పదు.

పైగా ఆ అంకెలో బోధన ఎంత, ఇళ్ళలోని ఆదాయం ఎంత అన్నది కలగలిసిపోయి ఉంటుంది. ఒక కాగితం తీసుకుని వేసి చూడండి (ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే). మొదటి బడిలో పరీక్ష రాసినవాళ్ళు 100 మంది. అందులో 90 మంది ఆదాయం బాగున్న ఇళ్ళవాళ్ళు, 10 మంది లంచ్ రాయితీకి అర్హులు. ఆ 90లో 72 మంది, ఈ 10లో నలుగురు తరగతి స్థాయి అందుకున్నారు. మొత్తం 76. రెండో బడిలో ఆదాయం ఉన్నవాళ్ళు 40 మంది, రాయితీవాళ్ళు 60 మంది. 40లో 34 మంది, 60లో 27 మంది అందుకున్నారు. మొత్తం 61. ఇప్పుడు విడివిడిగా చూడండి. ఆదాయం ఉన్న పిల్లలు మొదటి బడిలో 80 శాతం, రెండోదాంట్లో 85. రాయితీ పిల్లలు మొదటిదాంట్లో 40, రెండోదాంట్లో 45. రెండు వర్గాలకూ బాగా చెప్పింది రెండో బడి, మొత్తంలో వెనకబడిందీ అదే.

అందుకే టెక్సస్ అకడమిక్ పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరవండి. ప్రతి బడికీ ఏటా వస్తుంది, ఉచితం. మూడో తరగతి రీడింగు దగ్గరికి వెళ్ళి "మీట్స్" (తరగతి స్థాయి అందుకున్నవాళ్ళ) వరస చూడండి. "అప్రోచెస్" వరస చూసి సంబరపడొద్దు, అది పాసే కానీ తరగతి స్థాయి కాదు. "మీట్స్" వరసలోనే ఏషియన్, ఎకనామికల్లీ డిసడ్వాంటేజ్డ్ (తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలు) గడులను రెండు బడుల మధ్యా పోల్చండి. ఏషియన్ అంటే మనవాళ్ళే అనుకోకండి. చైనా, వియత్నాం పిల్లలూ, శరణార్థులుగా వచ్చిన బర్మా పిల్లలూ అందులోనే. గడిలో నక్షత్రం గుర్తు (*) ఉంటే పిల్లలు మరీ తక్కువమంది ఉన్నారని అంకె దాచారన్నమాట, సున్నా కాదు. ఒక్క ఏడాది చూసి తేల్చేయకండి, మూడేళ్ళవి పక్కపక్కన పెట్టండి. తర్వాతి పేజీల్లో తరగతివారీగా సగటు పిల్లల సంఖ్య, టీచర్ల అనుభవం, మధ్యలో బడి మారే పిల్లల శాతం ఉంటాయి. మూడేళ్ళుగా మార్కులు పడుతూ, టీచర్లలో ఎక్కువమంది కొత్తవాళ్ళై, పిల్లలు ఏడాది మధ్యలో వచ్చిపోతూ ఉంటే, అప్పుడు 400 పెట్టడంలో అర్థముంది.

టైటిల్ వన్ బడి అన్న మాట విని భయపడేవాళ్ళున్నారు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలు ఎక్కువగా ఉన్నందుకు ఫెడరల్ ప్రభుత్వం అదనంగా ఇచ్చే డబ్బు అది. అలాంటి పిల్లలు కనీసం 40 శాతం ఉంటే ఆ డబ్బును బడి మొత్తానికీ వాడొచ్చు. అంటే రీడింగులో వెనకబడిన పాపను పక్కన కూర్చోబెట్టుకుని చదివించే మనిషి జీతం అందులోంచి రావచ్చు, మీ పాపకైనా సరే.

ఇక ఫారాలు. జాతి అడిగే చోట "అమెరికన్ ఇండియన్" అని కనిపించగానే ఇండియన్ కదా అని టిక్కు పెట్టేస్తారు. అది ఇక్కడి ఆదివాసీ తెగలది. మనది ఏషియన్. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగే హోం లాంగ్వేజ్ సర్వేలో మరో పొరపాటు జరుగుతుంది. తెలుగు అని రాస్తే పాపను వేరే గదిలో పెడతారని భయపడి ఇంగ్లీషు అని రాస్తారు. ఇంట్లో మాట్లాడేది తెలుగైతే తెలుగనే రాయండి. నాలుగు వారాల్లోపు ఇంగ్లీషు పరీక్ష పెడతారు. బాగా వస్తే ఆ సంగతి అక్కడితో అయిపోతుంది. రాకపోతే ఈఎస్ఎల్ (ఇంగ్లీషును రెండో భాషగా నేర్పే) టీచరు సాయం దొరుకుతుంది, దానికి ఫీజు లేదు. ఇంగ్లీషు అని రాసి, అక్టోబరులో పాప వెనకబడిందని బయట ట్యూషనుకు డబ్బు పోసే ఇళ్ళు ఎన్నో. రాసింది మార్చాలంటే, చేరిన రెండు వారాల్లోపు, ఆ పరీక్ష పెట్టకముందే మార్చాలి.

టీకాల జాబితా, మిగతా కాగితాలు స్కూల్ డిస్ట్రిక్టు (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) సైట్లో ఉంటాయి. ఇండియా కార్డులో హెపటైటిస్ ఎ, చికెన్‌పాక్స్ రెండేసి డోసులు పడ్డాయో లేదో మాత్రం ఇప్పుడే చూసుకోండి, లేకపోతే చేరడం ఆగవచ్చు.

లీజుకు ముందు ఇంకో పని. ఇళ్ళ సైటు చూపించే జోను (ఏ అడ్రసుకు ఏ బడి అన్నది) పాతదై ఉండొచ్చు. అపార్ట్‌మెంటు అడ్రసును డిస్ట్రిక్టు వాళ్ళ స్కూల్ లొకేటర్‌లో కొట్టి చూడండి. తర్వాత ఆ బడి రిజిస్ట్రారుకు ఫోన్ చేసి, ఒకటో తరగతి నిండిందా అని అడగండి. టెక్సస్‌లో నాలుగో తరగతి దాకా సెక్షనుకు 22 మందే పరిమితి, మినహాయింపు తెచ్చుకుంటే తప్ప. జనం వేగంగా పెరుగుతున్న శివారు డిస్ట్రిక్టుల్లో, నిండిన బడికి కొత్తగా వచ్చిన పాపను పక్క బడికి పంపించవచ్చు. అప్పుడు 9 జోనులో రెంటు కడుతూ పాపను రోజూ 6 బడి బస్సు ఎక్కించాల్సి వస్తుంది. లీజులో సంతకం అయ్యాక రెంటు తగ్గదు కనుక, ఈ ఫోను సంతకానికి ముందే చేయండి.