మాట రాదు, పాట వస్తుంది

ప్రశ్న: పక్షవాతం వచ్చాక మా అమ్మకు మాట పడిపోయింది. బతుకమ్మ పాటలు మాత్రం పాడుతుంది. పాటలతో మాట తెప్పించవచ్చా? – ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: చాలామందిలో మాటను మెదడు ఎడమభాగమే ఎక్కువగా నడుపుతుంది, రాగానికి కుడిభాగం కూడా తోడుంటుంది. అందుకే పాట మిగిలింది. అయితే కంఠతా వచ్చిన పాటలు ఎన్ని పాడించినా కొత్త మాట రాదు. అవసరమైన మాటకే రాగం కట్టాలి. 1973 నుంచి ఉన్న పద్ధతే ఇది.

'నీళ్లియ్యి' తీసుకోండి. 'నీ' పై స్వరంలో, 'ళ్లియ్యి' కింది స్వరంలో. రెండు స్వరాలు చాలు. అక్షరానికో దెబ్బ చొప్పున అమ్మ ఎడమచేతితో బల్ల మీద తట్టించండి. ముందు కూనిరాగం, తర్వాత ఇద్దరూ కలిసి, మీరు సగంలో ఆగితే ఆమె ముగించాలి. ఆఖరున "ఏం కావాలె?" అని అడగండి. సెకనుకు ఒక్క అక్షరమే. తొందరపెడితే అక్షరాలు కలిసిపోతాయి.

మనం చెప్పింది అర్థమై, పలకలేనివారికే ఇది ఎక్కువగా పనికొస్తుంది. కాబట్టి ముందు స్పీచ్ థెరపిస్టుకు తప్పక చూపించండి.