మెట్నర్ మొదలుపెట్టే ముందు

ఒరేయ్ నాన్నా,

నీ మెయిల్ మూడుసార్లు చదివాను. రాఖ్మానినోవ్ పియానో ప్రిల్యూడ్లు రెండూ చేతిలోకి వచ్చేశాయి, ఇక మెట్నర్ పట్టుకుంటాను, కానీ ఎన్నిసార్లు విన్నా ట్యూన్ ఎక్కడుందో దొరకట్లేదత్తా అన్నావు. దొరకదు మరి. నాకు ఏడాది పట్టింది. ఇద్దరూ పియానోకి రాసిన రష్యన్ సంగీతకర్తలే, కానీ రాఖ్మానినోవ్ గుమ్మంలోకే ఎదురొచ్చి రమ్మంటాడు, మెట్నర్ లోపల తన పని తాను చేసుకుంటుంటాడు, మనమే వెళ్ళి ఓ మూల కూర్చోవాలి. వీళ్ళిద్దరూ ప్రాణ స్నేహితులంటే నమ్మబుద్ధి కాదు గానీ నిజం. రాఖ్మానినోవ్ తన నాలుగో కాన్సర్టో (పియానోకి ఆర్కెస్ట్రా తోడుండే పెద్ద రచన) ఈయనకి అంకితమిచ్చాడు, ఈయన తన రెండో కాన్సర్టో ఆయనకి ఇచ్చాడు.

ముందు, ప్రింట్ తీసుకున్నానన్న ఆ ‘రాత్రి గాలి’ సొనాటా (ఓపస్ 25లో రెండోది, ఓపస్ అంటే రచన నంబరు) బీరువాలో పెట్టేసెయ్. ఆగకుండా అరగంట పైనే నడుస్తుంది. నీ వయసు వాళ్ళంతా దాని మీదే పడతారు, రెండు నెలలకి మణికట్టు నొప్పి తెచ్చుకుని ‘మెట్నర్ మనవల్ల కాదు’ అని వదిలేస్తారు. ముప్పై ఏళ్ళు పియానో పాఠాలు చెప్పినదాన్ని, ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను.

నువ్వు మొదలుపెట్టాల్సింది స్కాజ్కాలతో. చిన్న చిన్న పియానో రచనలు, మొత్తం 38 రాశాడు. ఇంగ్లీషు వాళ్ళు వీటిని ఫెయిరీ టేల్స్ అనేసరికి రెక్కల దేవకన్యలు గుర్తొస్తారు, అది మర్చిపో. రష్యన్‌లో స్కాజ్కా అనే మాట ‘చెప్పడం’ అనే మాట నుంచే వచ్చింది, అంటే మన అమ్మమ్మ మంచం మీద పడుకుని చెప్పే కథ లాంటిది, అందులో రాజుగారుంటారు, రాక్షసుడుంటాడు, మధ్యలో ఆవిడ దగ్గూ ఉంటుంది. ఓపస్ 26లో మూడోది తీసుకో, ఎఫ్ మైనర్, రెండు మూడు నిమిషాలు. పైన ఆయన పెట్టిన సూచన చూడు, ‘నర్రాంతే ఎ పియాచెరె’, కథ చెబుతున్నట్టు, నీకు తోచిన నడకలో అని. చేతులకి మరీ కష్టం కాదు. చెప్పడమే కష్టం.

స్కోరుకి, అంటే స్వరాలు రాసున్న కాగితాలకి, డబ్బులు పెట్టక్కర్లేదు. ఆయన 1951లో పోయాడు, మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళకి కాపీరైట్ తీరిపోతుంది కాబట్టి హాయిగా ప్రింట్ తీసుకోవచ్చు. కాకపోతే పెద్ద అక్షరాల్లో తియ్యి, ఒక్కో బార్‌లో (మన తాళం ఆవర్తం లాంటి చిన్న గడి) మూడు నాలుగు గొంతులు, అంటే ఒకేసారి నడిచే స్వరాల వరసలు, ఇరుక్కుని ఉంటాయి, చిన్న ప్రింటులో ఏ స్వరం ఎవరిదో తెలియక చస్తాం.

అసలు కిటుకంతా ఆ గొంతుల్లోనే ఉంది. నీకు ట్యూన్ దొరక్కపోవడానికి కారణం నువ్వు పై స్వరంలోనే వెతకడం. కథ చెప్పేవాళ్ళుంటే ఊఁ కొట్టేవాళ్ళుంటారు కదా, మామూలు పాటల్లో ఎడమ చెయ్యి పని ఊఁ కొట్టడమే. మెట్నర్ దగ్గర ఊఁ కొట్టేవాడే ఉన్నట్టుండి కథ అందుకుంటాడు, నువ్వింకా మొదటివాడి వైపే చూస్తుంటావు. అందుకని నాలుగేసి బార్‌లు తీసుకుని, పై స్వరం నోటితో పాడుతూ కింది స్వరాలు మాత్రమే వాయించు. తర్వాత తిరగేసి, మధ్య గొంతు పాడుతూ మిగతావి వాయించు. చిన్నప్పుడు నాలుగేళ్ళు సంగీతం మాస్టారి దగ్గర గొంతు చించుకున్నావుగా, అది ఇక్కడ పనికొస్తుంది. పాడలేని గొంతుని వేలు కూడా పలికించలేదు. మొదటి రెండు వారాలు, స్వరాలన్నీ సాగదీసి కలిపేసే ఆ పెడల్ మీద కాలు పెట్టకు.

పెడల్ గురించి ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నా డిప్లొమా పరీక్షకి ఈయనదే ఇంకో స్కాజ్కా, ఓపస్ 20లో మొదటిది, వాయించాను. నెల రోజుల్లో నేర్చేసుకున్నానని ఎంత పొంగిపోయానో. వానాకాలం, హాల్లో పియానో చెమ్మకి ఉబ్బి రెండు కీస్ లేవట్లేదు, నాకు టెన్షన్, దాన్ని కప్పిపుచ్చడానికి పెడల్ తొక్కి స్పీడ్ పెంచేశాను. అయిపోయాక పరీక్షకుడు ఏమీ అనలేదు. “ఎడమ చెయ్యి ఒక్కటీ వాయించమ్మా, మెల్లగా” అన్నాడంతే. నాలుగో బార్ దగ్గర ఆగిపోయాను. తర్వాతేముందో నాకు నిజంగా తెలియదు! కుడి చెయ్యి లాక్కెళ్తుంటే వెనకాల పరిగెత్తడం తప్ప దానికి సొంతంగా దారి తెలియదని అప్పుడు అర్థమైంది. పెట్టిన ఫీజూ పోయింది, మళ్ళీ ఏడాది రాశాను. నువ్వు మాత్రం ప్రతి ఆదివారం ఎడమ చేతిని ఒంటరిగా, స్కోరు మూసేసి, మొదటి నుంచి చివరిదాకా నడిపించి చూసుకో.

ఇంకొకటి, కళ్ళు మూసుకుని వాయించు. ఇది నా సొంత తెలివి కాదు, మెట్నరే పని చేసుకుంటూ తనకోసం రాసుకున్న నోట్స్‌లో ఉంది, ఆయన పోయాక 1963లో మాస్కోలో పుస్తకంగా వేశారు. బతికుండగా ఆయన వేసిన పుస్తకం వేరే ఉంది, 1935లోది, కొత్త సంగీతం మీద కోపమంతా అందులో వెళ్ళగక్కాడు. రాఖ్మానినోవే పూనుకుని అచ్చేయించాడు. దాంట్లో సగం సణుగుడే అని నా అభిప్రాయం, ఇప్పుడే చదవకు.

మెట్నర్ మొండివాడు, అది తెలిస్తే సంగీతం కొంచెం అర్థమవుతుంది. 1900లో మాస్కో కన్సర్వేటరీ నుంచి బంగారు పతకంతో బయటికొచ్చాడు, ఊరూరా కచేరీలు చేసుకుంటే బతుకు హాయిగా గడిచేది, నేను రాసుకుంటాను పొమ్మన్నాడు. 1921లో రష్యా వదిలాడు. బెర్లిన్‌లో, ఫ్రాన్స్‌లో ఎక్కడా నిలదొక్కుకోలేదు, ఊళ్ళన్నీ కొత్త సంగీతం వెంట పడుతుంటే ఈయన బీథోవెన్ పద్ధతిలో సొనాటాలు కట్టుకుంటూ కూర్చున్నాడు. 1935లో లండన్ చేరాడు. యుద్ధం రాగానే జర్మనీ పబ్లిషర్ నుంచి వచ్చే నాలుగు డబ్బులూ ఆగిపోయాయి, గుండె జబ్బు ఒకటి. ఎడ్నా ఐల్స్ అనే పియానిస్టు కుటుంబం పల్లెటూళ్ళో ఇంత చోటిచ్చి ఆదుకుంది.

ఆ తర్వాత ఆదుకున్నది ఎవరనుకున్నావ్? మన మైసూరు మహారాజు, జయచామరాజేంద్ర ఒడయార్! పియానో అంటే ఆయనకి ప్రాణం. 1940ల చివర్లో లండన్‌లో మెట్నర్ సొసైటీ పెట్టించి, సొంత డబ్బుతో మెట్నర్ చేతనే మెట్నర్ సంగీతం రికార్డ్ చేయించాడు. మూడు కాన్సర్టోలు, సొనాటాలు, స్కాజ్కాలు, పాటలు కూడా. మూడో కాన్సర్టో మీద మహారాజుగారికి అంకితం అని ఉంటుంది. ఇదే మహారాజు కర్ణాటక సంగీతం మైసూరు వాసుదేవాచార్య దగ్గర నేర్చుకుని కృతులు రాశాడు. నీ సంగీతం మాస్టారు ఖమాస్‌లో ‘బ్రోచేవారెవరురా’ చెప్పలేక నీతో తల పట్టుకున్నారు చూడు, అది రాసింది ఆ వాసుదేవాచార్యే. ఈ సంగతి తెలిసిన రోజు నేను మీ మావయ్యకి అన్నం వడ్డించడం కూడా మర్చిపోయాను.

అందుకని వినడం మెట్నర్ తనే వాయించిన ఆ పాత రికార్డులతోనే మొదలుపెట్టు. గరగర ఉంటుంది, పట్టించుకోకు. దగ్గర దగ్గర డెబ్భై ఏళ్ళ మనిషి, గుండె బాగాలేని మనిషి, అయినా సాగదీయడు, ఎక్కడా ఏడుపు పెట్టడు. మనవాళ్ళు రష్యన్ సంగీతం అనగానే గుండెలు బాదుకున్నట్టు వాయిస్తారే, అది అక్కడ ఉండదు. తర్వాత గిలెల్స్ అనే పియానిస్టు వాయించిన మెట్నర్ ‘సొనాటా రెమినిసెన్జా’ విను, రాత్రి పూట, ఫోన్ పక్కన పడేసి. మొదట్లో వచ్చే ఊయల లాంటి చిన్న నడక మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి తిరిగొస్తుంది. స్వరాలు అవే, కానీ మూడోసారికి వినే నువ్వు వేరేలా ఉంటావు. హామెలిన్ అనే ఇంకో పియానిస్టు మెట్నర్ 14 సొనాటాలూ రికార్డ్ చేశాడు, వాటి జోలికి ఇప్పుడే వెళ్ళకు, ఆయన వేళ్ళు చూస్తే నీకు మళ్ళీ ఆ అరగంట సొనాటా మీదికి మనసు పోతుంది.

దసరా సెలవులకి వస్తానన్నావుగా, అప్పటికి ఎఫ్ మైనర్‌ది మొదటి పేజీ వస్తే చాలు. కొత్త ప్రింట్ తేవద్దు, పెన్సిల్ గీతలున్న నీ కాపీయే తీసుకురా, ఎక్కడెక్కడ ఫింగరింగ్ మార్చావో చూడాలి. మా పియానోలో పై సి షార్ప్ మళ్ళీ అంటుకుపోతోంది, ట్యూనర్‌కి ఫోన్ చేశాను, ఇంకా రాలేదు.

మీ అత్త