చిన్న వయసు తల్లి, ఎదురుచూసే దంపతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అక్క, బావ ఏటా మిరపకోతల కాలంలో గుంటూరు వైపు సుగ్గికి (వలస కూలి పనులకు) పోతారు. వారు ఊళ్లో లేని నెలల్లో వాళ్ల కూతురు మా ఇంట్లోనే ఉండి చదువుకునేది. పెళ్లి చేసుకుంటానని నమ్మించిన ఒకతని వల్ల ఆ పిల్ల గర్భవతి అయిన సంగతి మాకు ఏడో నెల దాటాక తెలిసింది. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి, పిల్లకు పదిహేడేళ్లు. ఒక ఆస్పత్రిలో పనిచేసే ఆమె వచ్చి, తమది సేవా సంస్థ అని, కాన్పు గుట్టుగా చేయించి బిడ్డను పిల్లలు లేని మంచి ఇంటికి చేరుస్తామని, మాకు ఖర్చులకు కొంత ముట్టజెబుతామని అంటోంది. పరువు దక్కుతుందని మా బావ ఒప్పుకొనేలా ఉన్నాడు. పిల్ల మాత్రం ఏమీ మాట్లాడడం లేదు. మేమేం చేయాలి?
– ఒక పిన్ని, ఆదోని

జవాబు: అమ్మా, ముందుగా ఆ మనిషితో మాటలు ఆపించండి. ఆమె చెబుతున్నది దత్తత కాదు, బిడ్డను అమ్మడం. బాలల న్యాయ చట్టం, 2015లోని 81వ సెక్షన్ ప్రకారం బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. ఆ పని చేసినవారు బిడ్డను తమ సంరక్షణలో ఉంచుకున్న ఆస్పత్రి సిబ్బంది అయితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు శిక్ష పడుతుంది. డబ్బు పుచ్చుకుంటే మీ బావ కూడా ఈ సెక్షన్ కిందికే వస్తారని ఆయనకు స్పష్టంగా చెప్పండి.

ఇక మీ పిల్ల విషయం. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి గర్భవతి అయినప్పుడు పోక్సో చట్టం (లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి చట్టం) దానిని ఆమెపై జరిగిన నేరంగానే పరిగణిస్తుంది. సంగతి తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలసిన బాధ్యత ఉంది, వైద్యులకూ ఉంది. ఈ మాట వినగానే కుటుంబాలు భయపడి దొంగచాటు కాన్పులకు సిద్ధపడతాయి, అక్కడే అమ్మాయి ప్రాణానికి ముప్పు వస్తుంది. కేసు ఆ మగవాడి మీద నడుస్తుంది గాని అమ్మాయి మీద కాదు. ఆమె పేరు, ఊరు, ఫొటో బయటపెట్టడం నేరం. 1098 నంబరుకు ఫోన్ చేస్తే బాలల సహాయ కేంద్రం వారు మాట్లాడతారు, జిల్లా బాలల సంరక్షణ విభాగం సిబ్బందిని మీ దగ్గరకు పంపుతారు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదని వెనుకాడవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, అందుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవాలి. పరిహారం కోరే దారి కూడా అక్కడే తెలుస్తుంది.

బిడ్డను ఉంచుకోవాలా, అప్పగించాలా అన్నది ఆ అమ్మాయి నిర్ణయించుకోవలసిన విషయం. మీరు గాని, మీ బావ గాని, ఏ సంస్థ గాని ఆమె తరఫున నిర్ణయం చేయకూడదు. పెళ్లి కాని తల్లి బిడ్డను ఆ తల్లి మాత్రమే అప్పగించగలదు, ఆమె మైనరైతే వెంట వచ్చిన పెద్దవారు సాక్షిగా సంతకం చేస్తారు. ఆ పని జిల్లా బాలల సంక్షేమ సమితి ఎదుట, తల్లితో విడిగా మాట్లాడి, ఆమెకు అన్నీ వివరించిన తర్వాత జరగాలి. ఈ సమితిలో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు, సభ్యుల్లో కనీసం ఒకరు మహిళ. సంతకం పెట్టిన తర్వాత కూడా మనసు మార్చుకోవడానికి బాలల న్యాయ చట్టం రెండు నెలల గడువు ఇచ్చింది. ఆ రెండు నెలల్లో ఆమె వచ్చి అడిగితే బిడ్డను తిరిగి ఇచ్చే విషయం పరిశీలించి తీరవలసిందే. అప్పగించినందుకు కన్నతల్లి మీద ఎఫ్‌ఐఆర్ పెట్టరాదని అదే చట్టం 38వ సెక్షన్ చెబుతోంది.

ఈ రెండు నెలల గడువును ఒక సంస్థ ఎలా చూస్తుందన్నదే దాని నిజాయితీకి నా లెక్కలో అసలు పరీక్ష. నిజమైన లాభాపేక్ష లేని సంస్థ పచ్చి బాలింతను తొందరపెట్టదు, బిడ్డకు పాలివ్వనిస్తుంది, అడిగినన్ని సార్లు చూపిస్తుంది, ఉంచుకుంటానంటే అందుకు తోడ్పడుతుంది. తోడ్పాటంటే ఓదార్పు మాటలు మాత్రమే కాదు: అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించడం, టీకాలు, సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతో ఇంటరో పూర్తి చేయించడం, అర్హత ఉంటే పిల్లల సంరక్షణకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టించడం. ఇవన్నీ చేసిన తర్వాత కూడా అమ్మాయి 'నేను పెంచలేను' అంటే ఆ మాటనూ అంతే గౌరవంతో వింటుంది. మీ ఇంటికి వచ్చిన ఆమెను ఒక్క ప్రశ్న అడగండి: పిల్లను బాలల సంక్షేమ సమితి ముందుకు మీరే తీసుకువస్తారా అని. రానంటే ఆ సంస్థ ఎటువంటిదో మీకే తెలిసిపోతుంది.

మీ పిల్ల ఒక్కతే ఇలా అయిందని కుమిలిపోవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో గర్భవతులో అని తేలింది. తల్లిదండ్రులు సుగ్గికి పోయిన ఊళ్లలో ఆడపిల్లలను ఎవరి మీద వదిలిపెట్టాలన్నది కర్నూలు పశ్చిమ మండలాల్లో ప్రతి ఏడాదీ ఎదురయ్యే కష్టమే. అందుకు ఆ పిల్లను తప్పు పట్టవద్దు. ఆమె మాట్లాడడం లేదంటున్నారు. పక్కన కూర్చుని అన్నం తినిపించండి, ప్రశ్నలు తర్వాత అడగవచ్చు. కాన్పు మాత్రం తప్పనిసరిగా పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో చేయించండి, చిన్న వయసు కాన్పులో రక్తహీనత, బీపీ ప్రమాదాలు ఎక్కువ.

ప్రశ్న: నా వయసు 44, నా భార్యకు 39. దత్తత కోసం ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నాం. కొన్ని లక్షలు ఇస్తే వెంటనే పసిబిడ్డ దొరుకుతుందని తెలిసినవారు చెబుతున్నారు. తప్పా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: తప్పే. పై ఉత్తరం చదివితే ఆ లక్షలు ఎవరి చేతికి పోతాయో, ఏ పదిహేడేళ్ల పిల్ల నోరు నొక్కడానికి ఖర్చవుతాయో మీకు అర్థమవుతుంది. అలా వచ్చిన బిడ్డకు సరైన కాగితాలు ఉండవు, ఎప్పుడైనా పోలీసులు వచ్చి తీసుకుపోవచ్చు.

మీ ఇద్దరి వయసు కలిపితే 83. రెండేళ్ల లోపు బిడ్డకు దంపతుల మొత్తం వయసు 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90 వరకు, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకు 100 వరకు అవకాశం ఉంది. పసిగుడ్డే కావాలన్న పట్టు వదిలి కాస్త పెద్ద పిల్లల వైపు చూడమని నా మనవి. శిశు గృహాల్లో నాలుగైదేళ్ల పిల్లలను అడిగేవారు తక్కువ. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులను కోర్టుకు బదులు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. రుసుములు ఎంతో నియమావళిలోనే రాసి ఉన్నాయి. రసీదు లేకుండా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వవద్దు.

ప్రశ్న: మా పాపను ఏడాది వయసులో శిశు గృహం నుంచి చట్టప్రకారం తెచ్చుకున్నాం. ఇప్పుడు ఆరేళ్లు. ఎప్పటికీ చెప్పవద్దని మా అత్తగారు ఒట్టు వేయించుకున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు.
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: మీ మనసు చెబుతున్నదే సరైనది, తల్లీ. అత్తగారు పాప మీది ప్రేమతోనే అలా అన్నారు. ఆ సంగతి ఆమెకు చెబుతూనే ఒట్టు నుంచి బయటపడండి. వీధిలో, బంధువుల్లో పదిమందికి తెలిసిన విషయం పాపకు మాత్రమే తెలియకుండా ఎంతకాలం ఉంటుంది? ఏ పెళ్లిలోనో ఎవరో నోరు జారితే, ఆ మాట కంటే మీరు దాచారన్న సంగతే ఎక్కువ గాయం చేస్తుంది.

ఒక్కరోజు కూర్చోబెట్టి గంభీరంగా ప్రకటించవద్దు. 'నువ్వు ఇంకొక అమ్మ కడుపున పుట్టావు, నిన్ను తెచ్చుకోవడానికి నేనూ నాన్నా శిశు గృహానికి వచ్చాం, ఆ రోజు నువ్వు పచ్చగౌను వేసుకున్నావు' అని మీకు గుర్తున్న వివరాలతో నిద్రపుచ్చేటప్పుడు కథలా చెప్పండి. మళ్లీ మళ్లీ అడుగుతుంది, ప్రతిసారీ అదే చెప్పండి. కన్నతల్లి గురించి చెడ్డమాట ఒక్కటి కూడా ఇంట్లో ఎవరి నోటా రానీయవద్దు. 'ఆమెకు పెంచే పరిస్థితి లేకపోయింది' అన్నది చాలు. పాపకు పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు తెలుసుకోవాలనిపిస్తే సొంతంగా దరఖాస్తు చేసుకునే హక్కు దత్తత నిబంధనల్లోనే ఉంది. అందుకని దత్తత ఉత్తర్వు, శిశు గృహం ఇచ్చిన వైద్య నివేదిక, పాత ఫొటోలు ఒక ఫైలులో పెట్టి ఉంచండి. తొలి రెండేళ్లలో ఆరు నెలలకోసారి ఇంటికి వచ్చిన సామాజిక కార్యకర్త గుర్తుండే ఉంటారు. అత్తగారితో మాట్లాడడానికి ఆమెను ఒకసారి మళ్లీ రమ్మని అడగండి, కాదనరు.