ప్రతిపక్ష నేత విదేశీ ప్రభుత్వంతో సొంతంగా చర్చలు జరపొచ్చా?

కలవొచ్చు, మాట్లాడొచ్చు. దేశం తరఫున మాట ఇవ్వకూడదు. నా దృష్టిలో గీత అక్కడుంది.

రేపు అధికారంలోకి రావచ్చు కాబట్టి పరిచయాలు అవసరమే. విదేశీ రాయబారులు కూడా ప్రతిపక్ష నాయకుల్ని కలుస్తూనే ఉంటారు. "ఈ ప్రభుత్వంతో ఒప్పందం వద్దు, మేం వచ్చాక చూసుకుందాం" అన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. అవతలి దేశం ఆ సందు చూసి ఇద్దరితోనూ బేరం ఆడుతుంది. 1968లో అమెరికా ఎన్నికలప్పుడు జరిగింది ఇలాంటిదే: వియత్నాం యుద్ధం ఆపేందుకు పారిస్‌లో తలపెట్టిన శాంతి చర్చలకు తొందరపడొద్దని, అప్పటి ప్రతిపక్ష అభ్యర్థి నిక్సన్ శిబిరం తన నిధుల సేకర్త అన్నా చెన్నాల్ట్ అనే ఆవిడ ద్వారా దక్షిణ వియత్నాంకు రహస్యంగా కబురు పంపింది.

చట్టం ఆపుతుందా అంటే, అంతంతమాత్రమే. 1798లో జార్జ్ లోగన్ అనే ఆయన సొంతంగా ఫ్రాన్స్ వెళ్లి రాజీ మాటలు మాట్లాడొచ్చాడు. దాంతో ప్రభుత్వ అనుమతి లేకుండా పౌరులెవరూ విదేశీ ప్రభుత్వాలతో వివాదాలపై ఇలా మాట్లాడకూడదని 1799లో అమెరికా లోగన్ చట్టం తెచ్చింది. (పాపం, ఆయన వెళ్లింది యుద్ధం ఆపడానికే!) ఆ చట్టం కింద ఇంతవరకూ ఒక్కరికీ శిక్ష పడలేదు.

2015లో ఇరాన్‌తో ఒబామా ప్రభుత్వం అణు చర్చలు జరుపుతుండగా, ఆ ఒప్పందాన్ని తర్వాతి అధ్యక్షుడు రద్దు చేయొచ్చంటూ ప్రత్యర్థి రిపబ్లికన్ పార్టీ సెనేటర్లు 47 మంది ఇరాన్ నాయకులకు లేఖ రాశారు. నాకది నచ్చలేదు. కానీ బహిరంగ లేఖ కాబట్టి ఓటర్లు చదివి నిలదీయగలిగారు. 1968 కబురుకు ఆ అవకాశమే లేదు.